మామ్మ అడిగిన ఒక్క ఫొటో

నేను పెళ్లి ఫొటోలు తీస్తాను. మాది బందరు. పన్నెండేళ్లుగా ఇదే పని. మూడొందల పైచిలుకు పెళ్లిళ్లు తీసుంటాను. అందులో ఒక్క పెళ్లి ఫొటోలు మాత్రం ఇప్పటికీ నా ఇన్‌స్టా పేజీలో పెట్టలేదు. బాగా రాక కాదు. నేను ఇప్పటిదాకా తీసినవాటిలోకెల్లా అందమైన ఫొటో అందులోనే ఉంది. దాన్ని చూస్తే నాకు సిగ్గేస్తుంది. ఎందుకో చెప్తాను.

మా కృష్ణా డెల్టాలో చలికాలం పెళ్లిళ్లు రెండు విడతలు. కార్తీకం, మార్గశిరం మొదటి విడత. డిసెంబరు మధ్యలో ధనుర్మాసం పెట్టగానే సన్నాయి ఆగిపోతుంది. సంక్రాంతి వెళ్లాక, మాఘమాసంతో రెండో విడత మొదలు. కార్తీకంలో పెళ్లికి వెళ్తే రోడ్డుకి రెండు పక్కలా కోతకొచ్చిన వరి. మార్గశిరంలో కుప్పలు. మాఘంలో అవే చేలల్లో మినుము పచ్చగా పరుచుకుని ఉంటుంది. దానిమీద తెల్లారి ఏడెనిమిది దాకా కదలకుండా పొగమంచు. ఫొటోలు తీసేవాడికి అంతకన్నా ఏం కావాలి?

ఒకప్పుడు ఫంక్షన్ హాలు, ప్లాస్టిక్ పూల స్టేజీ ఉంటే చాలనేవాళ్లు. ఇప్పుడు పెళ్లికూతురే ఫోన్‌లో రాజస్థాన్ కోట చూపించి, ‘అన్నా, ఇలాంటి బ్యాక్‌గ్రౌండ్ కావాలి’ అంటోంది. మనకి అలాంటి కోటలు లేవు గానీ, పాతవాటికి కొదవ లేదు. చిలకలపూడిలో భక్త నరసింహంగారు 1929లో కట్టించిన పాండురంగడి గుడి ఉంది. ఘంటసాలలో బౌద్ధ స్తూపం, చల్లపల్లిలో రాజావారి కోట, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట హంసలదీవి వేణుగోపాలస్వామి ఉన్నాయి. బందరు కోట సంగతి సరేసరి.

ఒకసారి ఓ జంట నాకు రాతి పలకలు, వాటిమీద చెక్కిన రాజముద్రల్లాంటి బొమ్మలు ఉన్న ఫొటో పంపించి, ‘ఈ ప్యాలెస్ ఎక్కడన్నా? ప్రీవెడ్డింగ్ షూట్ ఇక్కడే చేద్దాం’ అన్నారు.

‘అది ప్యాలెస్ కాదమ్మా. బందర్లో డచ్చివాళ్ల సమాధులు’ అన్నాను.

రెండ్రోజులు ఫోన్ చెయ్యలేదు.

నవ్వొచ్చింది గానీ, వాళ్ల తప్పేముంది? నాకు మాత్రం ఏం తెలుసని! పదిహేడో శతాబ్దంలో బట్టల వ్యాపారానికి వచ్చి ఇక్కడే మట్టిలో కలిసిపోయినవాళ్ల రాళ్లు అవి. ఆ ఊళ్లోనే 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి దాదాపు ముప్పై వేలమంది పోయారు. ఇదంతా చిన్నప్పుడు విన్నదే. కెమెరా పట్టుకున్నాక మాత్రం, పాత గోడ కనపడితే ‘ఎండ ఎటునుంచి పడుతుంది?’ అని ఒక్కటే చూసేవాణ్ని.

ఆ తెల్లవారుజాము

నిరుడు మాఘంలో శ్రీకాకుళంలో ఒక పెళ్లి ఒప్పుకున్నాను. ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదు. మా ఘంటసాల మండలంలో, కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళం. అక్కడ ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉంది. కళింగ దండయాత్రకి వెళ్తూ శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడ ఆగాడని, స్వామి కలలో కనపడి తెలుగులో కావ్యం రాయమన్నాడని ‘ఆముక్తమాల్యద’ మొదట్లోనే ఉంటుంది. ఆ పుస్తకం పుట్టింది మా ఊళ్ల మధ్య అని చెప్పుకోవడం మాకు గొప్ప.

పెళ్లికూతురుది అవనిగడ్డ. వాళ్లకి ఆ స్వామి మొక్కు ఉంది. గుడి దగ్గరే పందిరి వేశారు. చలికి పందిరి నాలుగు వైపులా గుడ్డలు కట్టేశారు. లోపల మూడొందలమంది జనం, హోమం, ఫోకస్ లైట్లు. ముహూర్తం తెల్లవారుజామున 4 గంటల 18 నిమిషాలకి.

మూడుంబావుకి టీ తాగుదామని బయటికి వచ్చాను. చూస్తే ఊరంతా మంచు. ఆ మంచులో గోపురం మాత్రం దీపాల వెలుగుతో తేలుతోంది. కింద ఊరు లేదు, కరెంటు తీగలు లేవు, ఫ్లెక్సీలు లేవు. ఐదొందల ఏళ్లు వెనక్కి వెళ్లినట్టుంది. ట్రైపాడ్ తీసుకుని దూరంగా వెళ్లిపోయాను. ఇటు నుంచి ఒకటి, అటు నుంచి ఒకటి. గంట ఎలా గడిచిందో తెలీలేదు. మా తమ్ముడు ఫోన్ చేసి, ‘అన్నయ్యా, తెర పట్టేశారు. ఎక్కడున్నావ్?’ అనేసరికి పరుగెత్తుకుంటూ వచ్చాను.

పందిట్లోకి అడుగుపెట్టి కెమెరా ఎత్తితే ఏమీ కనపళ్లేదు. అంతా తెల్లగా ఉంది. గంటసేపు మంచులో ఉన్న లెన్సు చల్లబడిపోయింది. పందిట్లో గాలి వెచ్చగా, తేమగా ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టు అద్దం నిండా ఆవిరి పట్టేసింది. చొక్కా కొంగుతో తుడిచాను. మళ్లీ పట్టింది. మళ్లీ తుడిచాను. రెండో కెమెరా బ్యాగులో ఉంది, బ్యాగు కారులో ఉంది. ఇంతలో గట్టిమేళం మోగింది. తెర దిగింది. ఇద్దరూ ఒకరి తలమీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టుకుని, మొదటిసారి కళ్లెత్తి చూసుకున్నారు.

అది నాకు రాలేదు. వచ్చిందల్లా పాలలో మునిగినట్టున్న రెండు ఆకారాలు. వీడియో తీస్తున్న తమ్ముడికి చుట్టాల వీపులు తప్ప ఏమీ పడలేదు. జనాన్ని పక్కకి జరిపేది నేనే కదా మరి! తర్వాత బంధువుల ఫోన్లన్నీ వెతికిస్తే రెండు ఫొటోలు దొరికాయి. రెంటిలోనూ పెళ్లికూతురి కంటే ముందున్నవాళ్ల ఫోన్ తెరే పెద్దగా కనపడుతోంది.

మొత్తం ఆ పెళ్లికి ఆరు వేల ఫొటోలు తీశాను. ముహూర్తం ఫొటో ఒక్కటి లేదు.

‘గోపురం ఎక్కడికి పోద్ది?’

పది రోజుల తర్వాత ఆల్బమ్‌కి ఫొటోలు ఎంచడానికి అవనిగడ్డ వెళ్లాను. దారంతా ఏం చెప్పాలా అని ఆలోచించుకుంటూనే వెళ్లాను. ముందు గోపురం ఫొటో చూపించాను. పెళ్లికూతురు ‘అబ్బ, అన్నా!’ అని అక్కడికక్కడే స్టేటస్ పెట్టేసింది. పెళ్లికొడుకు వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాడు. గండం గడిచిందనుకున్నాను.

పెళ్లికూతురి నానమ్మ మంచం మీద కూర్చుని ల్యాప్‌టాప్ వంక చూస్తున్నారు. డెబ్భైకి దగ్గర పడ్డ మనిషి. ఒక్కో ఫొటో నిదానంగా చూశారు. చివరికి అడిగారు.

‘జీలకర్ర బెల్లం ఫొటో ఏది బాబూ?’

చూపించాను. కళ్లజోడు సర్దుకుని చూశారు.

‘ఇట్టా ఉందేంటి?’

‘లెన్సుకి మంచు పట్టిందండి మామ్మగారూ.’

‘నువ్వు ఎక్కడున్నావప్పుడు?’

అబద్ధం చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. ఎందుకో చెప్పలేకపోయాను. ‘బయట గోపురం ఫొటో తీస్తున్నానండి’ అన్నాను.

ఆవిడేమీ కోప్పడలేదు. ‘గోపురం ఎక్కడికి పోద్ది నాయనా! రేపు తీసుకోవచ్చు, ఎల్లుండి తీసుకోవచ్చు’ అని ఊరుకున్నారు. కాసేపాగి, నాతో కాదన్నట్టుగా, ‘నా పెళ్లికి ఒక్కటే ఫొటో. అదీ లేదు’ అన్నారు.

పెళ్లికూతురు ఫోన్ పక్కన పెట్టేసింది. వాళ్లింట్లో ఎవరూ ఎప్పుడూ ఆ మాట వినలేదట.

మామ్మగారి పెళ్లి 1973లో, అదీ మాఘమాసమే. కోడూరు అవతల, సముద్రానికి దగ్గర్లో అత్తవారి ఊరు. పెళ్లయిన మర్నాడు హంసలదీవి గుడికి తీసుకెళ్లి, అక్కడ ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి ఒక ఫొటో తీయించారు. దాన్ని ఫ్రేము కట్టించి నడవలో తగిలించారు. 1977 నవంబరులో ఆవిడ తొమ్మిది నెలల పిల్లాణ్ని తీసుకుని పామర్రు దగ్గర పుట్టింటికి వెళ్లారు. కోతల రోజులని ఆయన రాలేదు. పంట ఇంటికి చేరాక వస్తానన్నాడట.

నవంబరు 19, శనివారం. ఆ తేదీ దివిసీమలో ఎవరినడిగినా చెప్తారు. సముద్రం లేచి ఊళ్లమీద పడింది. సర్కారు లెక్కలోనే దాదాపు పదివేలమంది పోయారు. ఆవిడ అత్తవారి ఊరికి చేరేసరికి రెండు వారాలు పట్టింది. ఇల్లు లేదు. అరుగు రాళ్లు ఉన్నాయి. అత్తమామలు, బావగారు, తోడికోడలు, వాళ్ల పిల్లలు, ఆయన... ఎవరూ లేరు.

‘మొహం గుర్తుందా మామ్మా?’ అని పెళ్లికూతురు అడిగింది.

‘కళ్లు మూసుకుంటే రాడే అమ్మాయ్. మీ నాన్న నడుస్తుంటే వెనకనుంచి చూస్తే వస్తాడు’ అన్నారు.

గుమ్మం దగ్గర పెళ్లికూతురి నాన్నగారు నుంచుని వింటున్నారు. తొమ్మిది నెలల పిల్లాడు ఆయనే. తండ్రి మొహం ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడని మనిషి.

అటకమీది గ్రూపు ఫొటో

అప్పుడు మామ్మగారు ఇంకోమాట చెప్పారు. గుడివాడలో ఒక పెళ్లికి ఇద్దరూ కలిసి వెళ్లారు. తోడికోడలి చెల్లెలి పెళ్లి. 75లోనో 76లోనో. వీధిలో బెంచీలేసి, వచ్చినవాళ్లందర్నీ నిలబెట్టి ఒక గ్రూపు ఫొటో తీశారు. ‘ఆయన ఉన్నాడందులో. పెద్దవరసలో. తోడికోడలు పోయాక ఆ చుట్టరికం తెగిపోయింది. ఏ మొహం పెట్టుకుని అడగను? వాళ్ల ఆడపిల్లా పోయింది కదా ఆ నీళ్లలో.’

యాభై ఏళ్లు మొహమాటంతో అడగలేని మాట అది. పెళ్లికూతురు అదే సాయంత్రం చుట్టాల వాట్సప్ గ్రూపుల్లో నాలుగు లైన్లు పెట్టింది. అక్కణ్నుంచి ఇంకో గ్రూపు, ఆ గ్రూపు నుంచి మరోటి. నాలుగో రోజున గుడివాడ నుంచి ఫోన్ వచ్చింది. ‘ఉందండి. అటకమీదుంది. అద్దానికి అతుక్కుపోయింది. బయటికి తియ్యమంటారా?’

‘దయచేసి తియ్యకండి, నేనొస్తున్నా’ అన్నాను.

మీ ఇళ్లలో కూడా ఇలాంటివి ఉంటాయి కాబట్టి చెప్తున్నాను. అద్దానికి అతుక్కున్న పాత ఫొటోని పీకితే పైపొర అద్దంతోపాటు ఊడొస్తుంది. మొహాలు పోతాయి. అద్దంతో సహానే ఫొటో తియ్యాలి. గది చీకటి చేసి, కెమెరా వైపు నల్లగుడ్డ అడ్డం కట్టి, రెండు పక్కల నుంచీ ఏటవాలుగా వెలుతురు వేస్తే అద్దంలో మన నీడ పడదు.

పెళ్లికూతురి నాన్నగారు, నేను గుడివాడ వెళ్లాం. గుడివాడంటే నాకు బౌద్ధుల దిబ్బ, పార్శ్వనాథుడి జైన గుడి, పక్కనే అక్కినేని పుట్టిన రామాపురం. షూటింగ్ లొకేషన్ల లిస్టులా ఉండేది ఆ ఊరు నాకు. ఆ రోజు ఆ దారుల్లో వెళ్తూ కూడా దేన్నీ చూడలేదు.

ఆ ఇంటివాళ్లు ఫ్రేము తుడిచి బల్లమీద పెట్టి ఉంచారు. నలభైమందికి పైగా ఉన్నారు. వెనక గుడి లేదు, గోపురం లేదు. తాటాకు పందిరి, రెండు అరటి బోదెలు. అంతే. కింద పిల్లలు, బెంచీల మీద ఆడవాళ్లు, వెనక నుంచున్న మగవాళ్లు. అందరూ కెమెరానే చూస్తున్నారు.

ఆయన వంగి వెనక వరస వంక చూశారు. ఒక్కో మొహం దగ్గర వేలు ఆగుతోంది. ఈయనా? ఈయనా? ఆ వరసలో తన తండ్రి ఉన్నాడు. ఎవరో తెలీదు. ఆయన నా వైపు తిరిగి, ‘మీకేమన్నా పోలిక తెలుస్తోందా?’ అని అడిగారు. మొహాలు చూడటమే పనిగా బతికేవాణ్ని. నాకూ తెలీలేదు.

ఫొటో తీసుకుని అవనిగడ్డ వచ్చేశాం. పెద్ద సైజులో ప్రింటు వేయించి మామ్మగారి ఒళ్లో పెట్టాం. ఆవిడ వెతకలేదు. వేలు నేరుగా వెనక వరస ఎడమ చివరికి వెళ్లింది. ఒక భుజం ఫ్రేములోంచి సగం తెగిపోయిన మనిషి. తెల్ల చొక్కా, పక్కకి దువ్విన జుట్టు.

చాలాసేపు చూశారు. ఏడుస్తారేమో అనుకున్నాం. ‘ఇంత కుర్రాడా!’ అన్నారు.

ఎవరికీ ఏం మాట్లాడాలో తెలీలేదు. ‘నేను ముసల్దాన్నైపోయాగా, ఆయన్నీ నాతోపాటు ముసలాడనుకుంటన్నా. చూడు, మన చిన్నోడికన్నా చిన్నోడు’ అన్నారు. చిన్నోడంటే ఆవిడ మనవడు. పెళ్లికూతురి నాన్నగారు తన ఫోన్ తీసి ఆ ప్రింటుని ఫొటో తీసుకోబోయారు. చెయ్యి నిలవలేదు. మూడోసారికి నాకిచ్చారు.

ఆ మొహం చిన్నది, కొంచెం మసక. ‘ఏఐ యాప్‌లో పెట్టి క్లియర్ చేద్దాం అన్నా’ అంది పెళ్లికూతురు. చేశాం. క్షణంలో చక్కటి మొహం వచ్చింది. కళ్లు మెరుస్తున్నాయి, మీసం ఒక్కో వెంట్రుకా కనపడుతోంది. మామ్మగారికి చూపించాం.

‘ఈయనెవరు?’ అన్నారు.

అది డిలీట్ చేసేశాం. ఇప్పుడు వాళ్ల గోడమీద ఉన్నది ఆ మసక ఫొటోనే. మొత్తం నలభైమందితో సహా. విడిగా కత్తిరించి పెద్దది చేస్తానంటే మామ్మగారు వద్దన్నారు. ఆయన పక్కనే, ఒక మనిషి అవతల, తోడికోడలి భర్త ఉన్నాడు. బెంచీమీద తోడికోడలు ఉంది. ఆవిడ ఒళ్లో పిల్ల ఉంది.

పన్నెండే పన్నెండు

ఈ సంగతంతా మా బాబాయికి చెప్పాను. నాకు కెమెరా పట్టుకోవడం నేర్పింది ఆయనే. రోలు ఫిల్ముల కాలం నాటి మనిషి.

‘రోలుకి పన్నెండొచ్చేవిరా. రెండు రోళ్లిస్తే గొప్ప. అందులోనే పెళ్లంతా తియ్యాలి. ఒకటి జీలకర్ర బెల్లానికి, ఒకటి మంగళసూత్రానికి, ఒకటి తలంబ్రాలకి... అట్టా లెక్క పెట్టుకునేవాళ్లం. గ్రూపు ఫొటోకి మాత్రం ఒకటి తప్పనిసరి. పిలిచిన చుట్టాలందరూ అందులో ఉండాల్సిందే. లేకపోతే మర్నాడు తగువులే’ అన్నాడు.

అంత లెక్కగా తీసినా ఒక భుజం తెగిపోయింది. ఆ తీసినాయన ఎవరో తెలీదు. ఇంకో అడుగు వెనక్కి వేస్తే బావుండేదని కొన్నిసార్లు అనిపిస్తుంది. అసలు ఆ చివరి మనిషిని వదిలేసి ముందుకు జరిగుంటే ఏమయ్యేదో తలుచుకుంటే మాట రాదు.

ఆ పెళ్లివాళ్లకి నేను ముహూర్తం ఫొటో బాకీ. అది తీర్చలేను. మళ్లీ పెట్టించి తియ్యొచ్చు, చాలామంది తీస్తారు కూడా. వాళ్లు వద్దన్నారు. ఆల్బమ్‌లో ఆ పేజీలో పాల మసక ఫొటోనే వేశాం. డబ్బులు మొత్తం తీసుకోబుద్ధి కాలేదు. సగమే తీసుకున్నాను.

పని పద్ధతి మాత్రం మార్చుకున్నాను. ముహూర్తానికి అరగంట ముందే పందిట్లోకి వచ్చేస్తాను, లెన్సుకి ఆ వెచ్చదనం అలవాటు పడాలి. రెండో కెమెరా మెడలోనే ఉంటుంది. గోపురం కావాలంటే పెళ్లికి ముందురోజు వెళ్లి తీసుకుంటాను. మామ్మగారు చెప్పినట్టు అది ఎక్కడికీ పోదు. ఆల్బమ్‌తోపాటు గ్రూపు ఫొటో ప్రింట్లు ఇంకో మూడు ఇస్తున్నాను. ‘ఒకటి మీ ఇంట్లో ఉంచుకోండి, ఒకటి అవతలివాళ్లకివ్వండి, ఒకటి ఎక్కడో దూరాన ఉన్న చుట్టాలకి పంపండి’ అంటాను. ఫోన్‌లో ఉన్నాయిగా అంటారు. గోడమీద ఉందిగా అని వాళ్లూ అనుకునుంటారు. మా ప్రాంతంలో పెళ్లిళ్ల నెలా, తుపాన్ల నెలా ఒకటే.

మొన్న మార్గశిరంలో చిలకలపూడిలో ఒక పెళ్లి తీశాను. తెల్లవారింది, మంచు ఇంకా విడలేదు. పాండురంగడి గుడి గోపురం బ్రహ్మాండంగా ఉంది. దానికి వీపు పెట్టి నిలబడి, భోజనాలకి పరుగెడుతున్న జనాన్నందర్నీ బతిమాలి, కుర్చీలేసి, మూడు వరసలు పేర్చాను. చివర్లో ఎవరో పెద్దాయన, వంటలవాళ్ల తాలూకేమో, భుజం మీద తువ్వాలుతో వచ్చి పక్కన నుంచున్నాడు.

‘నేను పడతానా బాబూ?’ అని అడిగాడు.

రెండడుగులు వెనక్కి వేశాను.

‘పడ్డారండి’ అన్నాను.